తడిచీర కింద యంత్రం

విశాఖలో ధూళి పెరిగిందట, మా అనకాపల్లిలో మాత్రం తగ్గిందట. ఈ ఊళ్లో నలుగురు చేరితే చాలు, ఇదే మాట. రెండువేల దశకంలో యంత్రం పెట్టి కొలిచారు, రుజువుంది అంటారు. ఉంది. ఆ రుజువు తయారైంది మా డాబా మీదే. ఎలా తయారైందో నాకు తెలుసు.

అప్పట్లో మా పెరటిగోడ అవతల చెరకు తోట, తోటలో బెల్లం పొయ్యి. చలికాలమంతా ఎండు పిప్పి మంటేసి పాకం కాచేవాళ్లు. మసి ఎగిరొచ్చి మా డాబా మీద వాలేది. అందుకే మా వీధిలో వడియాలు పెట్టినా, మిరపకాయలు ఆరబోసినా పైన పల్చటి పాత చీర కప్పడం రివాజు. వడియాలకు మసి అంటకూడదు. తొమ్మిదేళ్ల మా అమ్మాయి ఊపిరితిత్తులకు అంటితే ఫరవాలేదు.

చలి మొదలైతే చాలు, పిల్లకు పిల్లికూతలు. ఇల్లు మారదామన్నాను. మా ఆయనది బెల్లం కొట్టు, పొయ్యి మీద మాట పడనిస్తాడా?

"ఐస్‌క్రీములు మానిపించు, అదే తగ్గుద్ది. పొగ వల్లేనని కాయితం మీద ఎవడైనా రాసిస్తే సూపించు, మర్నాడే మారిపోదాం."

కాగితం తనంతట తనే మా గుమ్మంలోకి వచ్చింది. నగరంలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ సన్నధూళి ఏటేటా ఎటు పోతోందో చూస్తానంటూ విశాఖ నుంచి ఒక లెక్చరరమ్మ వచ్చి డాబా అడిగింది. నేనే ముందుపడి ఇచ్చాను. యంత్రం గాలి పీలుస్తుంది, లోపలి తెల్ల కాగితం మీద ధూళి పడుతుంది, ఆ కాగితాన్ని పెట్టేముందూ తీశాకా తూస్తారు. పొద్దుట పెట్టి సాయంత్రం తీస్తే కాగితం పెనం అడుగులా ఉంది.

"ఒక్క ఏడు చాలదండీ, వచ్చే ఏడు కూడా చూడాలి" అందావిడ.

మా ఆయనకు అంతే కావాలి. "విన్నావేటి? సాలదంట."

రెండో ఏడు మళ్లీ పెట్టారు. నేను స్కూల్లో పాఠాలు ముగించుకొచ్చి డాబా ఎక్కితే, యంత్రం చుట్టూ మా అత్తగారి నేతచీర! రెండు మడతలు, తడిపి మరీ.

"ఏటత్తా ఇది?"

"కిందటేడు మన డాబా మీదెట్టి ఎంత నల్లగైపోనాది! పట్నం మనిషి మన గురించి ఏటనుకుంటాది? పరాయోల సొమ్ము, మసి పడితే మాటొత్తాది."

"మసి పట్టడానికేనత్తా అది పెట్టింది!"

"మసి పట్టడానికి మిషనంట! సదువుకున్నోల తెలివి."

ఈలోగా లెక్చరరమ్మ మెట్లెక్కి వచ్చింది. చీర చేత్తో పట్టుకునే జరిగింది చెప్పాను. ఆవిడ నవ్వి, "నోట్ చేసుకుంటానండీ" అంది. కాగితం మల్లెపువ్వులా ఉంది.

కొన్నాళ్లకు, ఏడాదికో చుక్క పెట్టి ఆ చుక్కలు కలుపుతూ ఆవిడ గీసిన గీతల కాగితం పోస్టులో వచ్చింది. విశాఖ గీత పైకి, మాది కిందికి. మా ఆయన దాన్ని కొట్లో గోడకు అంటించుకుని, వచ్చిన ప్రతి బేరగాడికీ చూపించాడు. "కాయితమే సెప్తంది కదేటే" అని నా నోరు మూయించాడు. మేం ఇల్లు మారలేదు. పిల్ల ఇంకో మూడు చలికాలాలు ఆ పొయ్యి పక్కనే, దిండ్లకు ఆనుకుని కూర్చునే నిద్రపోయింది.

లెక్చరరమ్మకు రెండు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను: నోట్ చేసుకుంటానన్నారు కదమ్మా, చేసుకునే ఉంటే మా అత్తగారి చీర కింది చుక్క మీ గీతలోకి ఎలా వచ్చింది?