ట్యాంకుకు కుడివైపు

మా ఆడపడుచు చిన్న విమానం నడుపుతుంది. పెద్ద విమానాశ్రయం పక్కగా వెళ్లే చిన్న విమానాలన్నిటికీ ఊరి చివరి ఎర్ర నీళ్ల ట్యాంకే గుర్తు. అందరూ సూటిగా దాని నెత్తిమీదికే వస్తారు. అక్కడే ఎదురుగా వచ్చిన మరో విమానం తను నడిపే విమానానికి తగిలి వాళ్లన్న, అంటే మా ఆయన, పోయారు.

అప్పటినుంచి ఆమె ట్యాంకును ఎడమచేతికి వదిలి, దూరంగా కుడివైపునుంచే వస్తుంది. ఎక్కడుందో, ఎంత ఎత్తులో ఉందో మలుపు మలుపుకీ రేడియోలో చెబుతుంది. తోటి పైలట్లు ‘వాగుడుకాయ’ అని పేరు పెట్టారు.

నిన్న ఆమె పనిచేసే ఫ్లయింగ్ క్లబ్బు యజమాని కేకలేశాడట.

“చుట్టూ తిరిగి నా పెట్రోలు తగలేస్తున్నావు! అందరిలా ట్యాంకు మీదుగా రా, లేదంటే తాళాలిచ్చి పో.”

“ఇవిగో తాళాలు సార్. మా అన్నయ్య పోయిన దారిలో నేను రాను.”

ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూనే, “ఉద్యోగం ఊడింది వదినా. ఆకలి దంచేస్తోంది,” అంది.

“ఊడితే ఊడింది. చేతులు కడుక్కో.”

“రేపు అవతలి క్లబ్బులో అడుగుతా. అక్కడా కుడివైపునుంచే వస్తానని ముందే చెప్పేస్తా.”

“నేనూ వస్తాను. ఆ మాట నేనే చెబుతాను,” అన్నాను కంచం పెడుతూ.

ఆయన పోయాక గడప దాటని నా నోట ఆ మాట విని, మా వాగుడుకాయ ఆకలి సంగతి మరిచి, నా చెప్పులు తెచ్చి తన చెప్పుల పక్కన పెట్టింది.