ఫినాయిల్ పోసిన సీసాలు

గనిలో సర్వే కొలతలు తీస్తూ ఆ పూట నాలుగోసారి పక్కకు వెళ్లాను. కొలత గొలుసు పట్టే మల్లయ్య ఊరుకోలేదు. "ఏం సారూ, గని కొలుస్తున్నవా, తడుపుతున్నవా?" నేనూ నవ్వాను. దీపం వెలుగులో మూత్రం ఎర్రగా కనిపించేసరికి నవ్వు పోయింది.

నస్పూర్‌లో మా ఇంట్లో చెబితే మా అమ్మ, అంటే అవ్వ, "వేడి చేసింది" అని తేల్చేసింది. సబ్జా గింజలు, బార్లీ నీళ్లు, పల్చటి మజ్జిగ అయిపోయాయి. మంట తగ్గలేదు. సాయంత్రాలు సన్నటి జ్వరం, ఎడమ నడుములో నొప్పి మొదలయ్యాయి. మంచిర్యాల డాక్టరు సల్ఫా మాత్రలు ఇచ్చి చూసి, గుణం లేక హైదరాబాదు పంపారు.

అక్కడ నరంలోకి మందు ఎక్కించి ఎక్స్‌రే తీశారు. సర్జన్ ఫిల్మును వెలుతురుకు పట్టి చూపించారు. "ఎడమ కిడ్నీ పైభాగం చెడింది. టీబీ అయితే మందులతో నిలబెట్టవచ్చు. కాకపోతే గడ్డ అనుకోవాలి, కిడ్నీ తీసేయాలి."

"నాకు దగ్గే లేదు కదా సార్?"

"టీబీ ఊపిరితిత్తులకే వస్తుందని ఎవరు చెప్పారు నీకు?"

తేల్చవలసింది మూత్రం. బెడ్లు ఖాళీ లేవు కనుక ల్యాబ్ డాక్టరు స్టెరిలైజ్ చేసిన మూడు సీసాలిచ్చి ఇంటికి పంపారు. రాత్రి నీళ్లు తక్కువ తాగాలి. తెల్లవారి మొదటి మూత్రం, సబ్బుతో కడుక్కున్నాక, మొత్తం పట్టాలి. మూత అప్పుడే తీయాలి. చల్లగా ఉంచి, మూడో సీసా పట్టగానే ల్యాబుకు చేర్చాలి. మూడు ఉదయాలూ ఇవన్నీ తప్పకుండా చేశాను. జ్వరం వల్ల రైల్లో నేను పోలేక మా నాన్న, బాపు, తీసుకెళ్లాడు.

మర్నాడు బాపు తిరిగొచ్చి సంచి గుమ్మంలోనే పడేశాడు.

"ఫినాయిల్ కంపు కొడ్తుందట, పనికిరాదన్నడు డాక్టర్ సాబ్. ఎవరు పోసిండ్రే?"

"నేనే పోసిన," అంది అవ్వ. "రైల్ల నలుగురు కూసుంటరు. ఉచ్చ వాసనొస్తె నీ ఇజ్జత్ ఏం గావాలె?"

"ఫినాయిల్‌కు పురుగులు సస్తయట!"

"సస్తె మంచిదే గదా! గందుకే గదా మనం పరేషాన్ అయితున్నది?"

అవ్వను కూర్చోబెట్టి చెప్పాను. పురుగు చావవలసింది నా ఒంట్లో. సీసాలోనే చస్తే, పెంచి చూద్దామన్నా ల్యాబులో ఏదీ పెరగదు. టీబీ కాదంటారు, కిడ్నీ కోసేస్తారు.  అవ్వ, "గీ ముచ్చట ముందుగాల్నే నాకు చెప్పొద్దా బిడ్డా?" అంది.

కొత్త సీసాలు వచ్చాయి. చల్లగా ఉండాలని తడి ఇసుకలో పెడదామంటే, అవ్వ మంచినీళ్ల కుండ కింది ఇసుక ముట్టనివ్వలేదు. పెరట్లో వేరే కుండలో ఇసుక నింపి తానే తడుపుతూ కూర్చుంది. ఈసారి రైల్లో పక్కాయన "నెయ్యా?" అని అడిగితే బాపు "కాదే, మా పోరని ఉచ్చ, జర దూరం కూసో" అన్నాడట. బెంచీ మొత్తం తనకే దక్కిందని వచ్చి నవ్వాడు.

కొంచెం ఓపిక వచ్చాక ల్యాబుకు నేనే వెళ్లాను. మూత్రాన్ని సెంట్రిఫ్యూజ్ యంత్రంలో గిర్రున తిప్పి, అడుగున దిగిన మడ్డిని యాసిడ్‌తో శుద్ధి చేశామని, దాంతో మామూలు క్రిములు చచ్చి టీబీవి మిగులుతాయని డాక్టరు చెప్పారు. ఆ మడ్డినే క్రిములు పెరగడానికి గుడ్డుసొనతో చేసిన మీడియం మీద వేశారట. స్లైడులో టీబీ క్రిముల్లాంటి ఎర్రటి కడ్డీలు కనిపించినా ఆయన టీబీ అని ఒప్పుకోలేదు. "మూత్రంలో అచ్చం ఇలాంటివే, హాని చేయనివి కూడా ఉంటాయి. పెరగనీ, అప్పుడు చెప్తా."

సర్జన్ కత్తి పక్కన పెట్టి వారాల తరబడి ఆగారు. ఒకరోజు ల్యాబ్ డాక్టరు గాజుగొట్టం నా ముందు పెట్టారు. లోపల జొన్నరొట్టె పొడి రాలినట్టు గరుకైన పలుకులు. "పెరిగింది. టీబీయే." ఆ మాట విని ఊపిరి పీల్చుకున్నాను.

తర్వాతిది సులువు కాదు. స్ట్రెప్టోమైసిన్ ఇంజక్షన్లతో చెవుల్లో హోరు పుట్టి ఆపేశారు. పాస్ అనే టీబీ మందు పొడి కడుపులో నిలిచేది కాదు. ఐసోనియజిడ్ మాత్రలతో కలిపి దాన్నే ఏడాదికి పైగా మింగాను. కిడ్నీ పైభాగం ముడుచుకుపోయింది, మిగతాది పనిచేస్తోంది. నేను మళ్లీ గనిలోకి దిగుతున్నాను. కుడిచెవికి మాత్రం గట్టిగా చెప్పాలి.

మీ ఇంటికి శాంపిల్ సీసా వస్తే, అందులో ఏమీ ఎందుకు కలపకూడదో రోగి ఒక్కడికే తెలిస్తే చాలదు. ఇంట్లో శుభ్రం చూసే మనిషికి మొదట చెప్పండి.