చెక్కిన వరుసల మీద కూర్చున్నవాడు

అక్షరరూపిణియైన వాగ్దేవికి అంజలి ఘటించి, నా చేత తొలి ఓనమాలు దిద్దించిన గురుపాదులను తలచుకొని, స్వస్తిశ్రీ విశ్వావసు నామ సంవత్సర మార్గశిర శుద్ధ పంచమీ మంగళవారం ఉదయం, నంద్యాలలో మా ఇంటి పడమటి గదిలో కూర్చుని ఈ జ్ఞాపకాన్ని రాయడానికి ఉపక్రమిస్తున్నాను.

నా పఠనానుభవాలను గ్రంథస్థం చేయమని మిత్రులు కొంతకాలంగా కోరుతున్నారు. నేను చదివిన కావ్యాల ముచ్చట్లు వారికి కావాలి. డెబ్భై ఆరేళ్ల వయస్సులో నాకు పద్యాలకన్న వాటిని చదివిన చోట్లే స్పష్టంగా కనిపిస్తున్నాయి. ప్రాచ్య కళాశాల వసారాలో మా గురువుగారు వ్యాసపీఠం మీద పుస్తకం పెట్టించి, తూర్పుముఖంగా కూర్చోబెట్టి, వెన్ను వంగితే బెత్తంతో తట్టి చదివించేవారు. పుస్తకం ఒడిలో పెట్టుకోకూడదు, పుటను వేలితో తాకకూడదు, తల ఊపకూడదు. తొలి ఉద్యోగపు ఉత్తర్వు కోసం వెలుగోడులో మా మేనమామ ఇంట మూడు నెలలు ఎదురుచూసినప్పుడు, మిద్దె మీద చూసేవారెవరూ లేకపోయినా, చాప పరచుకొని తూర్పుకు తిరిగి నిటారుగానే చదివాను. ఆ క్రమశిక్షణ గురించి నాకు గర్వం ఉండేది, ఇప్పుడూ ఉంది. అయితే నా జీవితంలో మరపురాని పఠనం ఏదని అడిగితే చెప్పవలసింది వేరే ఉంది. అది ఆళ్లగడ్డలో జరిగింది. చదివినవాణ్ణి నేను కాను.

ఊళ్లు తిరిగి తిరిగి నా ముప్పై ఆరో ఏట ఆళ్లగడ్డ ఉన్నత పాఠశాలకు తెలుగు పండితుడిగా వెళ్లాను. రోడ్డు పక్కన దేవతామూర్తులు చెక్కే కొట్టాల వరుస చివర, మూర్తులు కాక అక్షరాలు మాత్రమే చెక్కే కొట్టం ఒకటి ఉండేది. శంకుస్థాపన ఫలకాలు, దాతల పేర్ల పలకలు, సమాధిరాళ్లు అక్కడ తయారయ్యేవి. చెక్కేవాడికి అప్పుడు ఇరవై రెండేళ్లు. క్రైస్తవ కుటుంబం, తండ్రి పొలం కూలి. ఉలి పడితే రాయి వెన్నలా లొంగేది గాని, అతనికి అక్షరం ముక్క రాదు. ఎవరైనా రాతిమీద సుద్దతో రాసిపెడితే ఆ గీత వెంట ఉలి నడిపేవాడు. ఆ రాసిపెట్టే పని నా వంతయింది. రాస్తూ ప్రతి అక్షరాన్నీ పైకి పలకడం నా అలవాటు.

మొదటి నెలలోనే ఒక పలక చెడింది. ఒక షావుకారు తన సత్రానికి చేయించుకుంటున్న రాయి అది. అతను పని చేస్తూ నేను రాసిన వరుసల మీదే కూర్చున్నాడు. పంచె రాపిడికి నాలుగు అక్షరాల కొమ్ములూ తలకట్లూ చెరిగాయి. చెరిగినవి చెరిగినట్టే చెక్కేశాడు. షావుకారు ముందు ఇద్దరం తల వంచుకొని నిలబడ్డాం. ఆ సాయంత్రం కోపంతో అన్నాను:

"రాసినదాని మీద కూర్చోవద్దప్పా. చెక్కినదాని మీద కూర్చో."

రెండోసారి చెప్పే అవసరం రాలేదు. నేను రాతికి కాళ్లవైపు, అంటే చివరి వరుస వచ్చే అంచున, కూర్చుని రాసేవాణ్ణి. అతను తలవైపు నుంచి మొదలుపెట్టేవాడు. మొదటి వరుస ముగియగానే దాని మీదికి జరిగి కూర్చుని రెండోది చెక్కేవాడు. దాని మీదికి జరిగి మూడోది. ఆ విధంగా కిందికి దిగుతూ చివరి వరుస చేరేవాడు. ఆ తరువాత ఏ రాతిమీదా నా గీత ఒక్కటి చెరగలేదు.

నంద్యాలకు బదిలీ అయ్యాక, ఉద్యోగ విరమణ చేశాక కూడ, నెలకు రెండు శనివారాలు ఆళ్లగడ్డ బస్సెక్కుతూనే ఉన్నాను. కిటికీ పక్క సీటు దొరికితే ఆ ప్రయాణమే నాకు పారాయణం. బడి గోడలోని ఫలకం, నీళ్ల ట్యాంకు కింది పలక, సమాధుల తోట గేటు పక్కని రాయి, ఇవన్నీ వరుసగా చదువుకుంటూ వెళ్లేవాణ్ణి. వాటి మీద నా పేరు లేదు. నా చేతిరాత ఉంది, తప్పు ఒక్కటీ లేదు. పాండిత్యానికి నాకు దక్కిన సన్మానాలకన్న ఆ రాళ్లు నాకు ఎక్కువ.

అతని భార్య ఐదో తరగతి చదువుకున్నది. సండే స్కూలులో పిల్లలకు పాఠం చెప్పేది. పొద్దు వాలాక కొట్టం గడపలో కూర్చుని తమ దైవగ్రంథం నుంచి ఒక భాగం చదివేది. అతను ఉలులు సాన పట్టుకుంటూ వినేవాడు. ఒకసారి నేనున్నప్పుడే ఆమె అతనికి నాలుగు అక్షరాలు నేర్పమని అడిగింది. వద్దమ్మా, చదువొస్తే నేను రాసింది మానేసి తాను అనుకున్నది చెక్కుతాడు అన్నాను. నాకు సదువొస్తే తన తప్పులు బయటపడతాయని అయివారికి భయం అని అతను నన్ను ఎగతాళి చేశాడు. ముగ్గురం నవ్వుకున్నాం. కాని ఆనాడు నేను హాస్యానికి అనలేదు. నా రాళ్లలో తప్పు రాకపోవడానికి అతనికి చదువు రాకపోవడమే కారణమని నిజంగానే నమ్మాను.

కిందటేడు కార్తికంలో ఆమె పోయింది. నెల తరువాత ఆమె సమాధిరాయికి రాయడానికి వెళ్లాను. ఆ రోజు నోరు పెగలక, అక్షరాలు పలకకుండానే రాశాను. అతను రెండు రోజులు చెక్కాడు. పని ముగిశాక నన్ను పిలిపించి, రాతి ముందు నిలబడి అడిగాడు:

"అయివారా, దీంట్లో ఆమె పేరు యాడుంది?"

చూపించాను. దాని మీద అరచేయి పెట్టాడు.

"ఊరందరి పేర్లు చెక్కినా. నా పెండ్లాం పేరు యాడుండాదో మిమ్మల్ని అడిగి తెలుసుకుంటాండా. ఏడాది కూడికకి ఆమె చదివే వాక్యం నేను చదవల్ల. నేర్పండి."

ఏడాది కూడిక అంటే పోయినవారి జ్ఞాపకార్థం సంవత్సరానికి చర్చిలో జరిపే ప్రార్థన. పదకొండు నెలల గడువు ఉంది. అతని మనవరాలి చేత చదివించవచ్చునని సూచించాను. అతను ఒప్పుకోలేదు.

ఒకటో తరగతి వాచకం తీసుకొని ప్రతి శనివారం వెళ్లాను. అతన్ని నా పక్కన తూర్పుముఖంగా కూర్చోబెట్టి, పుస్తకం పీట మీద పెట్టి, నాకు మా గురువుగారు నేర్పినట్టే మొదలుపెట్టాను. నెలలు గడిచాయి. ధ్వనులన్నీ కంఠస్థం చేశాడు గాని పుటలోని అక్షరాన్ని చూపిస్తే కొత్త మనిషిని చూసినట్టు చూసేవాడు. నలభై ఏళ్లు చెక్కిన 'అ'ను గుర్తుపట్టలేకపోయాడు. వైశాఖంలో ఒక మధ్యాహ్నం నా ఓర్పు తెగింది. నీ చేతికున్న తెలివి తలకు లేదప్పా అన్నాను. అతను వాచకం మీది రాతిపొడి తుడిచి, మూసి, నా సంచిలో పెట్టి ఉలి అందుకున్నాడు. ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కనే కూర్చున్నాను. ఏ పలకనూ చదవలేదు.

ఆ తరువాత పాఠాలు ఆగిపోయాయి. పని ఆగలేదు. ఆషాఢంలో బనగానపల్లె మామిడి వర్తకుడొకరు బస్సుల కోసం నిలబడేవారికి నీడగా రేకుల కొట్టం కట్టించి, దాని పలకకు మమ్మల్ని పురమాయించాడు. నేను అలవాటుగా కాళ్లవైపు కూర్చుని రాస్తున్నాను. వైశాఖంలో ఆ మాట నోరు జారినప్పటి నుంచి, అతని ముందు అక్షరాలను పైకి పలకకుండానే రాస్తున్నాను. అతను తలవైపు గొంతుకు కూర్చుని టీ తాగుతున్నాడు. నా సుద్ద ఊరిపేరు మీద ఉంది, చివరి అక్షరం ఇంకా పడలేదు.

"బనగానపల్లె అని రాస్తాండారా?" అన్నాడు.

ఎవరు చెప్పారని అడిగాను.

"ఎవరు చెప్పల్ల? ఆడ రాసిండారు కదా."

నా చేయి రాతిమీదే ఆగిపోయింది. పక్క వరుస చూపించి అదేమిటన్నాను. చదివాడు. సంచిలో ఇంకా ఉన్న వాచకం తీసి, తెరిచి, నాకు నేరుగా కనిపించేటట్టు రాతిమీద పెట్టాను. అతను ఎదురుగా కూర్చునే ఒక పాఠం చదివాడు, తడుముకుంటూ, ఆగుతూ, ఒక్క అక్షరమూ వదలకుండా. నేను రాస్తూ పలికిన అక్షరాలన్నీ నలభై ఏళ్లుగా అతను రాతికి తలవైపు నుంచి, తలకిందులుగా చూశాడు. వాచకంలో కంఠస్థం చేసిన ధ్వనులు ఇప్పుడు ఆ ఆకారాలకు అతుక్కున్నాయి. చెక్కినదాని మీద కూర్చోమని చెప్పింది నేనే. ఏ వైపు నుంచి చూస్తున్నాడో ఒక్కసారైనా ఆలోచించనిదీ నేనే. తలలో తెలివి లేనిది ఎవరికో ఆ మధ్యాహ్నం నాకు బోధపడింది. ఆ మాటే అతనితో చెప్పి క్షమించమన్నాను. అతను టీ గ్లాసు కింద పెట్టి, పాఠం తరువాతి పుట తిప్పాడు.

అప్పటికి నాలుగు నెలలే మిగిలాయి. ఆ తరువాతి వాదన మా ఇద్దరి మధ్య చాలా వారాలు నడిచింది. ఇప్పుడు చదవడం వచ్చింది గదా, పుస్తకాన్ని మెల్లగా నేరుగా తిప్పుకోవడం అలవాటు చేసుకొమ్మన్నాను. అతను నలుగురిలో నవ్వులపాలు కావడం నాకు ఇష్టం లేదు. అతని కోసమే అన్నాను. నా శిష్యుడు గ్రంథాన్ని తలకిందులుగా పట్టుకున్నాడంటే నా గురుపరంపర ఏమవుతుందన్న చింత కూడ లోపల ఉంది. అతను రెండు వారాలు ప్రయత్నించి విడిచిపెట్టాడు.

"తిప్పితే అవి ఎవరివో అక్షరాల మాదిరుండాయి అయివారా. నాకు తెలిసినవి ఇట్లుండేవే. నవ్వితే నవ్వనీ. ఆమె ఉంటే ఆమె కూడా నవ్వేది."

అప్పటినుంచి నేనే పీటకు అటువైపు జరిగాను. ఆమె పుస్తకం మా మధ్య ఉండేది. అతను చదివేవాడు, నేను నా వైపు నుంచి సరిచూసుకునేవాణ్ణి. ఒకరి పక్కన ఒకరం కూర్చున్నంతకాలం రాని చదువు ఎదురెదురుగా కూర్చుంటే వచ్చింది.

తొమ్మిది రోజుల కిందట, కార్తిక బహుళ ద్వాదశీ ఆదివారం నాడు, ఏకాదశి ఉపవాసానికి పారణ ముగించుకొని పొద్దున్నే బస్సెక్కి చర్చికి చేరాను. వెనక వరుసలో నాకొక కుర్చీ వేశారు. పాటల తరువాత పాస్టరుగారు అతన్ని పిలిచారు. తెల్లచొక్కా, చేతిలో భార్య పుస్తకం. నిలబడి, తెరిచి, తలకిందులుగా తిప్పి పట్టుకున్నాడు.

చాపల మీది ఆడవాళ్లలో నవ్వు మొదలైంది. మేస్త్రీ పని చేసే అతని మేనల్లుడు ముందు వరుసలోనే ఉన్నాడు. పుస్తకం తలకిందులుగా ఉండాది మామా, తిప్పుకో అన్నాడు అందరికీ వినపడేటట్టు. నవ్వు పెరిగింది.

అతను ఎవరివైపూ చూడలేదు. పుట అడుగున కుడి మూలన వేలు పెట్టాడు. వేలు కుడి నుంచి ఎడమకూ, వరుస వరుసకూ కింది నుంచి పైకీ జరుగుతుంటే చదవసాగాడు. తొందర లేదు. రాతిలో గీత ఎంత నెమ్మదిగా దిగుతుందో అంత నెమ్మదిగా ఒక్కొక్క మాటా గొంతు దాటి వచ్చింది. రెండో వాక్యానికి నవ్వు ఆగింది. పాస్టరుగారు తన పుస్తకం తెరిచి వెంబడి చూసుకుంటున్నారు. సగంలో ఒక సంయుక్తాక్షరం దగ్గర అతను ఆగిపోయాడు. అందించడానికి నా నోటి వరకు వచ్చిన మాటను దిగమింగుకున్నాను. అతను వేలితో ఆ అక్షరాన్ని పుటమీదే చెక్కుతున్నట్టు గీశాడు, పైగీత, కిందివత్తు. గీసి, పలికాడు. అక్కడినుంచి చివరిదాకా ఎక్కడా ఆగలేదు.

పాస్టరుగారు పుస్తకం మూసి, ఒక్క మాట కూడా పోలేదు అన్నారు.

బయట మేనల్లుడు వచ్చి మామ చేయి పట్టుకున్నాడు. "నువ్వు ఎట్ల పట్టుకున్యా మాకు నేరుగానే వినపడింది మామా. వచ్చే ఆదివారం నేను అడ్డంగా పట్టుకొని చదువుతా చూడు."

"ముందు నా వైపొచ్చి కూర్చో అల్లుడా," అన్నాడు అతను.

ఆ రోజు తిరుగు బస్సులో కిటికీ సీటు దొరకలేదు. దొరకకపోయినా కొదవ అనిపించలేదు. ఇంటికి వచ్చి, వ్యాసపీఠం మీది పుస్తకాన్ని తలకిందులుగా పెట్టి చదవడానికి ప్రయత్నించాను. నాలుగు మాటలు దాటలేకపోయాను. మా గురువుగారు చూసి ఉంటే బెత్తం ఎత్తేవారేమో. కాని వారు ఉండి ఉంటే, అంతకుముందే ఆ చర్చిలో నా పక్కన ఒక కుర్చీ వేయించి, వారిని కూర్చోబెట్టి, వీడు నా శిష్యుడు అని చూపించి ఉండేవాణ్ణి.

పై రాతకు ఇది చేర్పు. 2026 జనవరి 11, ఆదివారం, పుష్య బహుళ అష్టమి. చర్చి ప్రహరీకి అమర్చే కొత్త పలక ఈ రోజు పూర్తయింది. రాతికి తలవైపు కూర్చుని సుద్దతో రాసినవాడూ, చెక్కినవాడూ అతనే. బిగించేముందు నన్ను పిలిపించి సరిచూడమన్నాడు. ఐదు వరుసలు చూశాను. తప్పు ఒక్కటీ లేదు.