ఎలుగుబంటిని కోసే ముందు టీ

ఫ్లాస్కు మూత తిప్పగానే నిన్నటి అల్లం టీ వాసన, వేడెక్కిన ప్లాస్టిక్కు వాసన కలిసి గుప్పుమంటాయి. అది ముక్కుకు తగిలిన ప్రతిసారీ నాకు ఎలుగుబంటి గుర్తొస్తుంది. కాబట్టి ఇప్పుడు మీకొక వీరగాథ చెప్పబోతున్నాను. ఇందులో కొండ ఉంది, నూరిన కత్తి ఉంది, వేలెడేసి గోళ్ల మృగం ఉంది. ఒకటే లోటు, ఎవరూ పోరాడరు. కథలో ముఖ్యమైన భాగమంతా ఒకావిడ బండ మీద కూర్చుని టీ తాగుతుంది.

ఆవిడ డాక్టర్ షమీమ్. నేను పశువైద్యుడిగా చిలమత్తూరు దగ్గర ఉద్యోగంలో చేరినప్పుడు నా పై అధికారి. గుంతకల్లు రైల్వే క్వార్టర్సులో పెరిగిన మనిషి, అందుకేనేమో ఆలస్యాన్ని చూసి విసుక్కోవడం చిన్నప్పుడే మానుకున్నారు. చచ్చింది గొర్రె అయినా బర్రె అయినా, కోసి చూసే ముందు కాస్త దూరంలో కూర్చుని, దాని మీదే కళ్లు పెట్టి ఒక కప్పు టీ తాగేవారు. ఇదేం అలవాటని చేరిన కొత్తలోనే అడిగాను.

"చచ్చినదానికి తొందరేముంటాదప్పా? తొందరంతా మనకే," అన్నారు.

బద్ధకానికి శాలువా కప్పడమంటే ఇదే అనుకున్నాను.

వాన ముఖం చాటేసిన ఒక శ్రావణమాసంలో ఫారెస్టు గార్డు ఓబులేసు ఫోన్ చేశాడు. తిప్పన్న అనే రైతు అడవిపందుల కోసం వేరుశనగ చేను గట్టున క్లచ్ వైరుతో ఉచ్చు పెడితే, ఎలుగుబంటి పడి చచ్చిపోయిందట. అలాంటిదాన్ని అక్కడే కోసి, చావుకు కారణం చూసి, అందరి ముందూ కాల్చేయాలి. జీపులో నేను పుస్తకం తిరగేశాను. దొంగలకు దాని పిత్తాశయం మీదా గోళ్ల మీదా కన్ను. కాబట్టి కోసే ముందూ కాల్చే ముందూ గోళ్లు లెక్కపెట్టాలి, పిత్తాశయం అందరికీ చూపించాలి. మొత్తం కంఠస్థం చేశాను. ఎలుగుబంటి కూడా సిద్ధంగా ఉంటే చాలు.

అది గట్టు మీద ఒరిగి పడి ఉంది. నడుముకు వైరు బిగుసుకుంది. నుదుట కుంకుమ, పక్కన పగిలిన కొబ్బరికాయ. తిప్పన్న చేతులు జోడించి ఎదురొచ్చాడు.

"పందులకు పెట్టినా మేడం, దేవుని సాక్షి. బిరీన కోసి కాల్చేయండి. ఎలుగును చంపినానని నన్ను లోపలేస్తే నా చేను ఎవురు చూస్తారు?"

"పొద్దెక్కుతాంది, కానీండి మేడం," అన్నాడు ఓబులేసు.

నేను గ్లవ్స్ తొడుక్కుని కత్తితో ముందుకు కదిలాను.

"కూచోప్పా," అన్నారు మేడం, కాస్త దూరంలో బండ మీద చేరి. ఫ్లాస్కు మూత తిరిగింది.

కప్పు సగమయ్యాక అడిగారు. "దాని ముక్కు మీద ఈగ ఏం చేస్తాంది?"

"కూచుంటాంది మేడం. లేస్తాంది. మళ్లీ కూచుంటాంది."

"చచ్చినదాని ముక్కైతే ఈపాటికి కాపురం పెట్టేది. ఊపిరి తగిలి లేస్తాంది. ఎలుగు బతికే ఉండాది. అందరూ మెల్లిగా ఎనక్కి రాండి."

నేను వెనక్కి వచ్చిన తీరును మెల్లిగా అనడానికి వీల్లేదు. ఓబులేసు నాకంటే ముందే జీపులో ఉన్నాడు. తిప్పన్న మాత్రం ఉన్నచోటే కూలబడ్డాడు.

"నేను దానికి బొట్టు పెట్టినా మేడం! మనవడి తాయెత్తుకని వెంట్రుక గూడా పీకినా!"

"అదేమనలేదా?" అన్నారు మేడం.

"యాడంటాది? నేను ఏడుస్తా మన్నించమంటాంటే ఇంటాంది గావాల!"

మేడం సగం కప్పు పక్కన పెట్టేశారు. ఆమె టీ వదిలేయడం నేను చూసింది ఆ ఒక్కసారే. "ఎండకు సొమ్మసిల్లింది. ఓబులేసూ, మత్తుసూది ఏసేవాళ్లకు ఫోన్ చెయ్యి. వాళ్లు వచ్చేదాకా దీన్ని చల్లగా ఉంచాల. తిప్పన్నా, స్ప్రింక్లరు ఉండాదా?"

తిప్పన్న బోరులో వచ్చేది బొటనవేలంత ధార. "నా శెనక్కాయే ఎండిపోతాంది, దీనికి స్నానమా మేడం?"

"అది లేస్తే నువ్వు చంపినోడివి కావు. పైపు ఇట్ల తిప్పు."

తిప్పన్న చేను వంక చూశాడు, ఎలుగు వంక చూశాడు. పైపు ఈడ్చుకొచ్చాడు. ఆ నెలలో ఆ ఊరికి కురిసిన ఒకే ఒక్క వాన ఎలుగుబంటి మీద కురిసింది.

మధ్యాహ్నానికి అది నాలుక చాపి తడి నాకింది. సాయంత్రం మత్తుసూది బృందం వచ్చి సూది వేసి, గాయానికి మందు పెట్టి, వైరు తెంపింది. అంత నూరిన నా కత్తి దానికీ పనికిరాలేదు, కటింగ్ ప్లేయరు తెప్పించారు. మెలకువ వచ్చాక అది తూలుతూ కొండెక్కిపోయింది. వెనక్కి తిరిగి కృతజ్ఞతగా చూసిందని రాయాలని నాకూ ఉంది, కానీ చూడలేదు. ఉచ్చు పెట్టిన కేసు తిప్పన్నకు తప్పలేదు, చంపిన కేసు తప్పింది. అతను నీళ్లిచ్చిన సంగతి తర్వాత మేడం స్వయంగా ఫారెస్టు ఆఫీసుకు వెళ్లి చెప్పొచ్చారు.

ఆ రోజు తిరిగొస్తూ జీపులో నాతో అన్నారు. "వేటకు పోయినోడైనా, కోసేదానికి పోయినోడైనా ముందు తెలుసుకోవాల్సింది ఒకటేనప్పా. అది చచ్చిందా లేదా. మిగతాదంతా పుస్తకంలో ఉంటాది."

రిటైరై గుంతకల్లుకు వెళ్లిపోతూ ఆమె ఫ్లాస్కు నా చేతిలో పెట్టారు. మొన్న తిప్పన్న ఆవును చూడ్డానికి వెళ్లాను. ఈసారీ వాన లేదు. "చేను చచ్చిపోయింది సారూ, రేపు ట్రాక్టరు పెట్టి దున్నేస్తా," అన్నాడు. నేను ఫ్లాస్కు తీశాను. ఇద్దరం గట్టు మీద కూర్చుని చేను వంకే చూశాం. ఆకులు ముడుచుకున్నాయి. కప్పు ఖాళీ అయ్యాక తిప్పన్న లేచి ఒక కాడను గోరుతో గీరాడు. లోపల పచ్చగా ఉంది.

"ఇంగో వారం చూద్దామా సారూ?"

"చచ్చినదానికే తొందర లేదన్నా, బతికినదానికేం?" అన్నాను. ఆ గొంతు నాది కాదు, మేడంది. తిప్పన్న ట్రాక్టరతనికి ఫోన్ చేసి రావద్దన్నాడు. నా కళ్లు చెమర్చాయి. టీ పులిసిపోయి ఉంది మరి.

పాలు పోసిన టీని ఫ్లాస్కులో రాత్రంతా ఉంచకూడదు. మూతలోని రబ్బరు విడిగా తీసి, వేణ్నీళ్లతో కడిగి ఆరబెట్టాలి.