మట్టి లేని షెడ్డులో మట్టి

కరోనా లాక్‌డౌన్లు ఎత్తేసిన తరువాత నేను బెంగళూరు పక్కన వర్తూరు అవతల ఒక నర్సరీలో ప్యాకింగ్ షెడ్డు మేస్త్రిగా ఉన్నాను. చదివింది మూడో తరగతి. అయినా విదేశాలకు పోయే ఏ పెట్టెకైనా నేను తలూపితేనే టేపు పడేది.

మేము ఎక్కువగా పంపేది స్నేక్ ప్లాంట్లు, మా ఊళ్ళ గట్ల మీద కత్తుల్లాంటి ఆకులతో పెరిగే చాగనారకు చుట్టం. కొనే దేశాలవాళ్ళ షరతు ఒక్కటే: మొక్కతో మట్టి రాకూడదు. మట్టిలో పురుగూ తెగులూ వస్తాయని వాళ్ళ భయం. అందుకని కొబ్బరిపొట్టులోనే పెంచి, వేళ్ళు కడిగి, అరల మీద తలకిందులుగా ఆరబెట్టి, కాగితం చుట్టి పెట్టెల్లో సర్దేవాళ్ళం.

అట్లా పంపిన సరుకును ఒకసారి అక్కడి రేవులోనే తిరగ్గొట్టారు. ఫోటోలు మేనేజరు చూపించాడు. వేళ్ళు శుభ్రంగా ఉన్నాయి. ఆకులు కలిసే మొవ్వులో మాత్రం చిటికెడు ఎర్రమట్టి, కొన్ని పెట్టెల్లో ప్రతి మొక్కలోనూ. ఇంకోసారి ఇట్లయితే ఎగుమతి అనుమతి పోతుందని, షెడ్డు మూసేయాల్సిందేనని చెప్పాడు.

మా షెడ్డు నేల సిమెంటు, చుట్టూ వల. మట్టి ఎక్కణ్ణుంచి వచ్చింది?

"ఈ జాగాలో మునుపేముండెనో ఏమో మేస్త్రక్కా" అంది నాతో పనిచేసే ఓబులమ్మ. నోరు మూసుకోమని కసిరాను. తరువాతి సరుకును నా కళ్ళముందే సర్దించి, ఒక పెట్టె వెంటనే విప్పించాను. మొవ్వులో మట్టి ఉంది. వేలితో తాకితే తడిగా, గోరువెచ్చగా తగిలింది.

అందరి కొంగులూ గోళ్ళూ చెప్పులూ వెతికాను. ఏమీ దొరకలేదు.

ఆ పెట్టె సర్దింది సుంకమ్మ, కదిరి వైపు మనిషి. ఆమె కూతురు లక్ష్మి కూడా మా షెడ్డులోనే పనిచేస్తూ కరోనాలో పోయింది. అప్పటినుంచి సుంకమ్మ పనిలో మాట్లాడటం మానేసింది. బుగ్గన ఎప్పుడూ ఏదో ఉండేది. ఆకువక్కకు డబ్బు తగలేస్తోందని తిట్టుకునేదాన్ని. మరునాడు ఆమె బల్ల ఎదుటే కూర్చున్నాను. కాగితం చుట్టేముందు ఒక్కో మొక్క మీదికి వంగి, చంటిబిడ్డను ముద్దాడినట్టు పెదవులు ఆనించేది.

"ఏంమే, మొక్కతో గుసగుసలా? మాతో మాట్లాడితే ముత్యాలు రాల్తాయా?" అంది ఓబులమ్మ. అందరూ నవ్వారు. సుంకమ్మ తలెత్తలేదు, దవడ కూడా కదపలేదు. ఆకు నమిలే మనిషికి దవడ ఆడాలి కదా.

"నోరు తెరువు" అన్నాను.

తెరిచింది. నాలుక మీద ఎర్రమట్టి.

ఆమె ఆ మట్టిని అరచేతిలోకి తీసుకొని గుప్పిట మూసింది.

"నా లక్ష్మిని కాడుగోడి అవతల పూడ్చినారు కదక్కా, మిషన్‌తో తోసినారు. పిడికెడు మన్ను నన్ను ఎయ్యనీలేదు. దేశాలు చూడాలని దానికి శానా ఆశ. ఆ గుంతకాడి మన్నే తెస్తాండా. కొంగులో తెస్తే నువ్వు పట్టుకుంటావని..." గుప్పిట వైపు చూసుకుంది. "నన్నూ పంపమ్మా అని దినామూ అడుగుతాదక్కా. ఇంగా అంతా పోలేదంట."

నీ బాధ నీదేనని, ఇంతమంది కూడు తీసే హక్కు నీకు లేదని చెప్పాను. ఆమెను కొబ్బరిపొట్టు తడిపే పనికి మార్చి, సరుకంతా విప్పించి మొవ్వులు కడిగించాను. తనిఖీ అధికారి భూతద్దం పట్టుకొని చూసి సర్టిఫికెట్టు ఇచ్చాడు. షెడ్డు నిలిచింది.

అంతకుముందు ఎవరూ పట్టుకోకుండా రేవు దాటిన పెట్టెల మాట మేనేజరు ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆ మొక్కలు ఇప్పుడు ఏ చలిదేశపు ఇళ్ళలో, ఏ కిటికీల పక్కన నిలబడి ఉన్నాయో.

ఆ తరువాత షెడ్డులో కొత్త నియమం పెట్టాను. బల్ల దగ్గరకు పోయేముందు ప్రతి మనిషీ నా ఎదుట నోరు పుక్కిలించి, నాలుగు మాటలు మాట్లాడాలి. నోరెత్తకుండా పనిచేసేవాళ్ళే మంచి పనివాళ్ళని అంతవరకూ అనుకునేదాన్ని. ఇప్పుడు అనుకోను.