అర్థం చెప్పని పరశురాములు

మా సందు చివర ఉండే చిత్రకారుడు పరశురాములు, తాను వేసిన బొమ్మ ఏమిటో చచ్చినా చెప్పేవాడు కాదు. నిజంగానే చచ్చిపోయాడు, చెప్పలేదు. ఎవరడిగినా ఒకటే జవాబు: “నీకేమనిపిస్తే గదే.”

పాలకుర్తిలో ఎవరింట్లో ఏం ఉడుకుతుందో మూత తీయకుండానే చెప్పగలదాన్ని నేను. నన్ను ఓడించిన మనిషి ఇతనొక్కడే.

హైదరాబాద్‌లో కొత్తరకం చిత్రకళ చదివి వచ్చాడు. మామూలువాళ్ళు చెట్టు వేస్తే చెట్టులా ఉంటుంది. ఇతను వేస్తే చెట్టును ఎవరో కొట్టి పారిపోయినట్టు ఉండేది. దాంతో బువ్వ దొరకదు కనుక దుకాణాల బోర్డులు, పెళ్ళిళ్ళ గోడలు రాసేవాడు. అక్కడ కూడా చేయి ఊరుకునేది కాదు.

ఎదురింటి సత్తెమ్మ, కూతురి పెళ్ళికి గోడ మీద పేర్లు రాసి రెండు చిలుకలు వేయమంది. పేర్లు రాశాడు. చిలుకల చోట ఒక ఎర్ర ముక్కోణం వేసి, దాని నెత్తిన పెద్ద నీలి ముద్ద పెట్టాడు. పెళ్ళివారు దిగగానే పిల్లగాడి తల్లి గోడ దగ్గరే ఆగిపోయింది.

“గిదేంది తమ్మీ? గా నీలిది ఎవలు?”

“నీకేమనిపిస్తే గదే అక్కా.”

“నాకు సమజైంది. నా కోడలే. ఇంట్ల అడుగు పెట్టకముందే నా నెత్తి మీద కూసున్నది!”

సత్తెమ్మ ఊరుకుంటుందా? “గంత లావు మా పిల్ల లేదు వదినా. నీలిది నువ్వే అయితవ్,” అంది.

ఇంకేముంది, వండిన కూరలు చల్లారిపోయాయి. ముహూర్తం దాటేలోపు ముద్దకు సున్నం కొట్టించారు. కొట్టింది పరశురాములే. దానికీ కూలి అడిగాడు.

నా బొమ్మ కూడా వేశాడు. కొత్త చీర కట్టుకుని, కదలకుండా పూటంతా కూర్చున్నాను. తీరా చూస్తే కాగితం నిండా చుట్టలు చుట్టుకున్న ఒక పెద్ద గీత. కళ్ళు లేవు, ముక్కు లేదు.

“నా మొకమేది తమ్మీ? గిదేదో చెవి లెక్కున్నది?”

“నీకేమనిపిస్తే గదే అక్కా.”

ఇంటికి తెచ్చి గోడకు తగిలిస్తే, వచ్చినవాళ్ళందరూ చూడగానే “అరె, భూలక్ష్మక్క!” అన్నారు. పేరు కూడా రాయలేదు, ఎలా గుర్తుపట్టారో.

ఇక అంగడి సందు గోడ సంగతి. కాలేజీకి పోయే తండా ఆడపిల్లలు ఆటో దిగి ఆ సందులోంచే నడవాలి. బాలనర్సయ్యా అతని జట్టూ బెల్టు షాపులో సీసాలు కొనుక్కుని, ఆ గోడకే ఆనుకుని తాగేవాళ్ళు. వచ్చే పోయే పిల్లల మీద మాటలు విసిరేవాళ్ళు. నేను చీపురు పట్టుకుని పోతే “పాట పాడుకుంటున్నం అక్కా, మేమేమన్నం?” అని పళ్ళికిలించేవారు. చెప్పాల్సిన పెద్దలందరికీ చెప్పాం. వాళ్ళూ విని, తలాడించి, చాయ్ తాగి పంపించారు.

ఒకరోజు తెల్లారేసరికి ఆ గోడ కారునలుపు. మధ్యలో వేళ్ళతో పూసినట్టు ఎరుపు. పైన ఎగుడుదిగుడుగా రెండు పసుపు సున్నాలు. సాయంత్రం సీసాతో వచ్చిన బాలనర్సయ్య అక్కడే బిగుసుకుపోయాడు.

“గిదేంది పరశురాములూ?”

“నీకేమనిపిస్తే గదే.”

బాలనర్సయ్య ఆలోచించాడు. అలవాటు లేని పని. “ఓరి నాయినో, బాణామతి! నెత్తురు పూసి చేతబడి చేసిండు!” అని కేక పెట్టాడు. ఆ రాత్రే అతనికి వాంతులయ్యాయి. అంత తాగితే గోడ లేకపోయినా అవుతాయి. కానీ జట్టు మొత్తం మకాం ఎత్తేసింది.

పెద్దమనుషులు పంచాయితీ పెట్టారు. “ఉత్త రంగేనని ఒక్క మాట చెప్పు, అయిపోతది,” అన్నారు. మనవాడు మళ్ళీ ఆ ముక్కే! అప్పటినుంచి బోర్డులు పోయాయి, పెళ్ళిగోడలు పోయాయి. హోటల్‌వాడు చాయ్‌గ్లాసు దూరంగా గట్టు మీద పెట్టి జరిగేవాడు. నేనే అతనింటికి వెళ్ళి మొహం వాచేలా తిట్టాను.

“రంగే అని చెప్తే నీ సొమ్మేం పోతది? గింత పొగరేంది నీకు?”

నవ్వి, కుంచె కడుక్కున్నాడు. ఏళ్ళ తరబడి అలాగే బతికాడు. పోయిన వానాకాలం జ్వరం తగిలి పోయాడు.

పోగానే గొప్పవాడైపోయాడు. ఎవరో గోడ ఫోటో ఫోన్లో పెడితే హైదరాబాద్ నుంచి కారు దిగింది. చిత్రకళ పాఠాలు చెప్పే పద్మలత మేడం. చాయ్ దూరంగా పెట్టినవాళ్ళే “మా పరశురాములన్న” అంటూ పక్కన నిలబడి ఫోటోలు దిగారు. గోడ పక్కన బోర్డు పెట్టిస్తానని, దాని మీద రాయించబోయేది ఆమె చదివింది. “ఈ నలుపు ఆధునిక మానవుడి ఒంటరితనం. ఈ ఎరుపు అతని అంతర్మథనం...”

“బాణామతి కాదా బిడ్డా?” అన్నాను.

“ఛ ఛ, కాదమ్మా. అందుకే బోర్డు. ఇక ఎవరూ భయపడక్కర్లేదు.”

వెనక నుంచి తండా సారక్క నా కొంగు గుంజి పక్కకు లాక్కుపోయింది. “అక్కా, గా బోర్డు పెట్టనియ్యకు! గీ తాగుబోతుల బాధకు మా అఖిల సదువు బంద్ చేపిద్దామనుకున్న. పరశురాములన్న ఇంటి ముంగట కూసోని ఏడ్చిన. తెల్లారేసరికి గీ గోడ! ‘ఎవ్వలకు చెప్పకు చెల్లె, నేను సుత చెప్ప’ అన్నడు. ఇప్పుడు మా సిన్నది సుమ గీ తొవ్వనే పోతున్నది.”

ఇన్నేళ్ళ ప్రశ్నకు జవాబు దొరికితే, దాన్ని ఊరంతా చెప్పుకునే యోగం లేదు! బాలనర్సయ్య సీసా మీది కాగితం తప్ప ఇంకేదీ చదవడు కనుక ఇక్కడ ధైర్యంగా రాస్తున్నాను. మేడంకు మాత్రం అప్పుడే చెవిలో చెప్పేశాను.

అంతలో బాలనర్సయ్యే వచ్చి దూరంగా నిలబడ్డాడు. “మేడం, గది ఉత్త రంగేనటగా? నీడ మంచిగుంటది. ఇగ కూసోవచ్చునా?”

మేడం గోడను చూసింది, సారక్కను చూసింది. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, గొంతు తగ్గించింది.

“నన్ను అడగకండి. దీని అర్థం చెప్పబోయిన మా పెద్ద ప్రొఫెసర్‌కు మాట పడిపోయింది.”

చదువుకుంటే అబద్ధం ఎంత శుభ్రంగా వస్తుందో! బాలనర్సయ్య చెప్పులు వదిలేసి ఉరికాడు. బోర్డు మీద పరశురాములు పేరొక్కటే రాయించి మేడం వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం గోడ కింద బాలనర్సయ్య కొబ్బరికాయ, నిమ్మకాయలు పెట్టి దండం పెట్టి పోయాడు. ముట్టుకునే ధైర్యం ఊళ్ళో ఎవరికీ లేదు. నేనూ సారక్కా తెచ్చుకుని పచ్చడి నూరుకున్నాం. కాయ మంచి ముదురుది. వచ్చే ఆదివారం నాటుకోడి పెడితే గాని గోడ శాంతించదని అతనికి ఎవరిచేతనైనా చెప్పించాలి.