తోటికోడలి మెప్పు

సౌభాగ్య చేసిన కేకు బాగాలేదని ఆవిడ మొహం మీదే అనగలిగే మనిషి బిలాస్‌పూర్ మొత్తం మీద ఒక్కతే. ఆ ఒక్కతీ గోడకి అవతలే ఉంటుంది. పేరు మాధవీలత. వరసకి తోటికోడలు, పెద్దది. అన్నదమ్ములు రాంప్రసాద్, రాజేంద్ర ఇద్దరూ రైల్వేలో చేరి, సర్కండా పేటలో కలిసి ఒకే ఇల్లు కట్టుకుని, పెళ్ళాల పోరు పడలేక నడిమధ్యన గోడ లేపుకున్నారు. ఆ గోడ ఎంత ఎత్తంటే, దాని మీదుగా ఒక గిన్నె అందించొచ్చు, ఒక తిట్టూ అందించొచ్చు. గిన్నెల కన్నా తిట్లే ఎక్కువ నడిచేవనుకోండి.

ఈ పోరు గరిటె దగ్గర మొదలైంది. అందరూ రైల్వే క్వార్టర్లో కలిసున్న రోజుల్లో వంట పెద్దకోడలిది. సౌభాగ్య కాపురానికొచ్చి నెల తిరక్కుండానే, అత్తగారు బుజ్జమ్మ ఓ పూట పులుసు నోట్లో వేసుకుని మొహం చిట్లించి, మాధవీలత చేతిలో గరిటె లాక్కుని చిన్నకోడలి చేతిలో పెట్టేసింది. "ఇకమీదట నువ్వే చెయ్యమ్మా. దాని చేతికి రుచి లేదు," అంది, అదీ నలుగురి ముందూ. ఆ ముసలావిడ పోయింది, ఆ క్వార్టరూ పోయింది. ఆ మాట మాత్రం మాధవీలత గుండెల్లో అలాగే గుచ్చుకుని ఉండిపోయింది. సౌభాగ్య తక్కువ తిందా? అవకాశం దొరికినప్పుడల్లా ఆ గరిటెని ఆవిడ మొహం ముందు ఆడించింది.

కేకుల విద్య సౌభాగ్యకి ఆ క్వార్టర్లోనే అబ్బింది. పక్కింట్లో ఓ గార్డుగారి భార్య క్రిస్మస్‌కి కేకు చేసి పైన వెన్నక్రీము రాసేది. వెన్న తెల్లబడి నురగలా పొంగేదాకా గిలక్కొట్టడం, జల్లించిన పొడి చక్కెర కలపడం, అదంతా బాగానే ఉంది. చివర్లో ఆవిడ సీసా వంచి రోజా ఎసెన్సు వేస్తుంటే సౌభాగ్యకి ఒళ్ళు మండింది. "ఏటిది, తలనూనెలాగ!" అని ఇంటికొచ్చి, అత్తగారి లడ్డూల్లో పడే ఏలకులూ, రవ్వంత పచ్చకర్పూరమూ చక్కెరతో నూరి ఆ క్రీములో వేసింది. తిన్నవాళ్ళు కళ్ళు మూసుకున్నారు. అప్పట్నుంచీ ఊళ్ళో ఏ తెలుగింట పుట్టినరోజైనా ఆ కేకే. హిందీవాళ్ళు దానికి లడ్డూవాలా కేక్ అని పేరు కూడా పెట్టారు.

కరోనా వచ్చిన ఏడు సౌభాగ్యకి జ్వరమొచ్చి తగ్గింది. ముక్కు మాత్రం పోయింది. పాలు మాడి ఇల్లంతా పొగైతే, కళ్ళు మండాక గానీ ఆవిడకి తెలియలేదు. ముక్కు మీద కోపం ఉన్నది ఉన్నట్టే ఉంది, ముక్కులో వాసన మటుకు లేదు. నాలికకి తీపి, ఉప్పు, చేదు తెలుస్తాయి, అంతే. ఈ సంగతి మొగుడు రాజేంద్రకి తప్ప మూడో మనిషికి తెలియకూడదని ఒట్టు పెట్టించుకుంది. ఎందుకంటే తెలిసిందా, గరిటె జారిపోతుంది. అది ఎవరి చేతిలోకి పోతుందో ఆవిడకి బాగా తెలుసు.

జ్వరం తరవాత చేసిన మొదటి కేకు తెలుగు సంఘం వనభోజనాల్లో పెట్టింది. అందరూ ముక్కలు తీసుకున్నారు, బహుత్ బఢియా అన్నారు, మంచినీళ్ళు తాగారు. మాధవీలత ఒక్కతే థూ అని విస్తట్లో ఉమ్మేసి, అందరికీ వినబడేలా అంది: "కర్పూరం వెలిగించి, దేవుడికి చూపించి, ఆర్పకుండా నోట్లో పెట్టీసినావేటే!"

సౌభాగ్య ఒంటికాలి మీద లేచింది. రెండు కుటుంబాలూ పట్టుకుని విడదియ్యాల్సొచ్చింది. ఇంటికొచ్చాక కర్పూరం డబ్బా తీసి చూసుకుంటే, సగం ఖాళీ. వాసన తగలక వేసి, మళ్ళీ వేసి, ఇంకోసారి వేసిందన్నమాట. అంతమంది అయినవాళ్ళు నవ్వుతూ అబద్ధమాడారు. నిజం చెప్పింది ఆ రాక్షసి ఒక్కతే!

అప్పుడు దొరికింది ఉపాయం. క్రీము కలిపిన ప్రతిసారీ చిన్న గిన్నెలో తీసి గోడ మీద పెట్టి అరిచేది. "అక్కా, ఇదిగో, రుచంటే ఏటో తెలియనివాళ్ళు ఒకసారి నాకి చూడండి!"

మాధవీలత ఊరుకునే రకమా? నాకేది, దుమ్మెత్తి పోసేది. "ఏలకులు తొక్కల్తో సహా నూరీసినావు, పశువుల మేతలాగుంది." "వెన్న కనరెక్కింది, ఎప్పటిదే ఇది, మీ పెళ్ళినాటిదా?" సౌభాగ్య అంతకు రెండింతలు తిట్టి, లోపలికెళ్ళి ఏలకులు మళ్ళీ జల్లించేది, ఆ వెన్న పారేసి కొత్తది తెచ్చేది. తిట్లు ఆగి, అవతల గిన్నె ఖాళీ చేసిన చప్పుడు వినబడితే, అదే సరైన పాకం అని గుర్తు. అలా నెట్టుకొచ్చింది, ఒక్క కేకూ చెడకుండా.

మొన్న రాజేంద్ర రిటైరయ్యాడు. రైలింజను తోలిన మనిషి, ఆఖరి డ్యూటీ దిగాడు, సాయంత్రం రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో సన్మానం. కేకు ఇంట్లోదే అని సౌభాగ్య పట్టుబట్టింది. మొగుడి పరువు, తన పేరు, రెండూ ఆ క్రీములోనే ఉన్నాయి. వెన్న గిలక్కొడుతుంటే కొడుకు ఓంకార్ హాల్ నుంచి ఫోను మీద ఫోను. ఆ గాభరాలోనే గిన్నె తీసి గోడ మీద పెట్టి ఎప్పటిలాగే అరిచింది.

మాధవీలత వచ్చింది. వేలితో తీసుకుంది. నాకింది. "బాగుంది," అంది మెల్లగా.

సౌభాగ్య తనకి చెవులు కూడా పోయాయనుకుంది. "ఏటీ?"

"బాగుందే అమ్మా. ఎళ్ళు, పని చూసుకో."

వంటింట్లోకొచ్చి చూస్తే, ఏలకులు కల్వంలో నూరకుండా అలాగే ఉన్నాయి. పచ్చకర్పూరం డబ్బా మూత కూడా తియ్యలేదు. తను పంపింది వట్టి వెన్నా చక్కెరా! దాన్ని పట్టుకుని బాగుందంటుందా ఆ మనిషి?

రాజేంద్ర కొత్త చొక్కా గుండీలు పెట్టుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు. పెళ్ళాం మొహం చూసి తడబడ్డాడు. "నేనే చెప్పాను వదినకి. ఈ ఒక్కరోజూ తిట్టకు, దానికి వాసన తెలీదు పాపం, అన్నాను. నీ మంచికే."

"నా మంచికా! నా కొంప ముంచి, పైగా మంచికా!" అని గిన్నె పట్టుకుని వీధిలోంచి తిరిగి మాధవీలత వంటింట్లోకి నేరుగా వెళ్ళిపోయింది. గోడ కట్టాక ఆ గడప తొక్కడం అదే మొదలు.

"తిట్టు," అంది.

"ఏటని తిట్టమంటావు? ముక్కు లేనిదాన్ని తిట్టడానికి నేనేమైనా రాక్షసినా?"

"రాక్షసివే! నీ జాలి నాకక్కర్లేదు. నువ్వు తిట్టబట్టే కదా ఇన్నాళ్ళూ నా కేకు నిలబడింది. నువ్వు కనరంటే వెన్న మార్చాను, ఘాటంటే కర్పూరం తగ్గించాను. నువ్వు నోరు మూసుకుంటే నేనెలా చచ్చేది?"

అన్నాక గానీ ఏమన్నదో ఆవిడకి తెలియలేదు. మాధవీలత మొహంలో ఉన్న ఆ కాస్త జాలీ ఆరిపోయింది.

"అచ్ఛా," అంది. "అంటే నా నాలికతోనా నువ్వు పేరు తెచ్చుకుంటన్నావు? ఆ రోజు అత్త నా చేతికి రుచి లేదని గరిటె లాక్కుంది. ఇన్నాళ్ళూ నువ్వు నా నోట్లోంచి రుచి లాక్కున్నావు. ఊళ్ళోవాళ్ళు లొట్టలేసుకుని తిన్నది నా రుచేనన్నమాట!"

"అక్కా, ఈ ఒక్కసారికి..."

"ఈ సారికే కాదే, ఏ సారికైనా ఒకటే మాట. బాగుంది. కర్పూరం పోగేసి పెట్టు, బాగుంది. కుళ్ళిన వెన్న పెట్టు, బాగుంది. ఇంక నా నోటంట నీకు మరోమాట రాదు. ఎళ్ళు."

సౌభాగ్య ఇంటికొచ్చి ఏలకులు నూరింది. కర్పూరం చిటికె తీసి, సగం వెనక్కి వేసి, మళ్ళీ తీసింది. మొగుణ్ణి నాకి చూడమంది. "అద్భుతం," అన్నాడు ఆయన, కంగారుగా. ఈయన్ని అడగడం కన్నా గోడనడగడం నయం అనుకుంది.

హాల్లో దండలయ్యాయి, ఉపన్యాసాలయ్యాయి, కేకు కోశారు. వందమంది తిన్నారు. బహుత్ బఢియా, చాలా బాగుంది, ఆంటీ మీ చేతిలో మహిమ ఉంది. సౌభాగ్యకి ఒక్క మాటా చెవికెక్కలేదు. ఆవిడ కళ్ళన్నీ ముందువరసలో పట్టుచీర కట్టుకుని కూర్చున్న మాధవీలత మీదే ఉన్నాయి.

మాధవీలత తొందరపడలేదు. ముక్క మొత్తం తింది. చెంచాకంటిన క్రీము కూడా నాకింది. ఉమ్ముతుందేమోనని సౌభాగ్య ఆశగా చూసింది. ఉమ్మలేదు. మొహం మీద చిన్న ముడత కూడా లేదు. పమిటతో మూతి తుడుచుకుని, హాలంతా వినబడేలా నవ్వుతూ అంది:

"చాలా బాగుందే సౌభాగ్యా. ఇంకో ముక్క పెట్టు."